పిల్లలతో పనిచేసే డిగ్రీ: చదువు ఒకటి, లైసెన్స్ ఇంకోటి

యూకేలో చదువుకుందామని కోర్సులు వెతికేవాళ్ళకి "వర్కింగ్ విత్ చిల్డ్రన్ అండ్ యంగ్ పీపుల్" అనే డిగ్రీ ఎక్కడో ఒకచోట తగులుతుంది. ఒక యూనివర్సిటీలో దాన్నే చైల్డ్‌హుడ్ అండ్ యూత్ స్టడీస్ అంటారు, ఇంకోచోట చిల్డ్రన్, యంగ్ పీపుల్ అండ్ ఫ్యామిలీస్ అంటారు, పేర్లు వేరైనా లోపల సరుకు చాలావరకు ఒకటే. ఆ పేరు చూడగానే వచ్చే మొదటి డౌట్ "ఇది చేస్తే టీచర్ అయిపోతామా?", రెండోది "పోనీ సోషల్ వర్కర్ అన్నా అవుతామా?". రెండిటికీ జవాబు ఒకటే, డైరెక్ట్‌గా అవ్వరు. మరి అలాంటప్పుడు మూడేళ్ళు కూర్చుని చదివేది ఏంటి, చివర్లో చేతికి వచ్చేది ఏంటి, అసలు ఇలాంటి డిగ్రీ ఎందుకు పెట్టారు అంటే అక్కడ కొంచెం మెలిక ఉంది, బ్రోచర్ చదివితే అది విడకపోగా ఇంకా బిగుసుకుంటుంది. ఇక్కడ నేను చెప్పేదంతా ముఖ్యంగా ఇంగ్లండ్ రూల్స్ గురించి, స్కాట్లండ్, వేల్స్ లెక్కలు వేరు.

ఇలాంటి కోర్సులు అంతలా పెరగడం వెనక ఒక పాప చావు ఉంది. విక్టోరియా క్లింబీ, ఐవరీ కోస్ట్‌లో పుట్టింది, మంచి చదువు వస్తుందని అమ్మానాన్నలు నాన్నకి అత్త వరసయ్యే ఆవిడతో పంపించారు, ఆవిడ ముందు ఫ్రాన్స్ తర్వాత లండన్ తీసుకొచ్చింది. 2000 ఫిబ్రవరి 25న ఆ పాప లండన్‌లో చనిపోయింది, అప్పటికి ఎనిమిదేళ్ళు. పోస్ట్‌మార్టంలో ఒంటి మీద 128 గాయాలు తేలాయి. ఆ అత్తకీ, ఆవిడతో కలిసి ఉన్నతనికీ హత్య కేసులో శిక్ష పడింది. కానీ దేశాన్ని కుదిపేసింది ఆ క్రూరత్వం ఒక్కటే కాదు, ఆ పాప సంగతి ఎవరికీ తెలియకపోవడం కాదు, చాలామందికి తెలిసి ఉండటం. నాలుగు సోషల్ సర్వీసెస్ డిపార్ట్‌మెంట్లు, పోలీసుల చైల్డ్ ప్రొటెక్షన్ టీములు రెండు, రెండు హాస్పిటళ్ళు, వీళ్ళందరి దగ్గరా ఏదో ఒక కాగితం ఉంది. ఒక హాస్పిటల్లో ఒంటి మీద మచ్చలు గజ్జి వల్ల అని తేల్చేశారు, ఆ మాట పట్టుకుని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క ఉంది, అన్నీ ఒక టేబుల్ మీద పెట్టి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఈ చావు మీద లార్డ్ లామింగ్ చేసిన ఎంక్వైరీ రిపోర్ట్ 2003 జనవరిలో వచ్చింది, అందులో 108 సిఫార్సులు, పాపని కాపాడటానికి కనీసం 12 అవకాశాలు చేజారాయని రాశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రభుత్వం "ఎవ్రీ చైల్డ్ మ్యాటర్స్" అనే పత్రం తెచ్చింది, 2004లో చిల్డ్రన్ యాక్ట్ వచ్చింది, ప్రతి కౌన్సిల్‌లో, అంటే స్థానిక ప్రభుత్వంలో, పిల్లల సర్వీసులన్నిటికీ కలిపి ఒక డైరెక్టర్ ఉండాలన్నారు. టీచర్, నర్స్, పోలీస్, సోషల్ వర్కర్, యూత్ వర్కర్ ఎవరి గదిలో వాళ్ళు కూర్చుంటే కుదరదు, పిల్లల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ ఉమ్మడిగా కొంత చదువు ఉండాలి అన్నది అప్పటి ఆలోచన. అప్పటికే 2001 నుంచి ఫౌండేషన్ డిగ్రీలు మొదలై ఉన్నాయి, అంటే ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళ కోసం పెట్టిన రెండేళ్ళ డిగ్రీలు. నర్సరీల్లో, స్కూళ్ళలో అసిస్టెంట్లుగా ఏళ్ళ తరబడి పనిచేస్తూ చేతిలో డిగ్రీ లేనివాళ్ళకి ఇది బాగా సరిపోయింది. ఈ ఉమ్మడి పేరు పెట్టుకున్న కోర్సులు అలా ఊపందుకున్నాయి.

మెలిక ఎక్కడ పడిందంటే, చదువునైతే కలిపారు గానీ లైసెన్సులు కలపలేదు. టీచర్ లైసెన్స్ టీచర్‌దే, సోషల్ వర్కర్ రిజిస్టర్ సోషల్ వర్కర్‌దే, ఎవరి గేటు దగ్గర వాళ్ళ వాచ్‌మన్ అలాగే ఉన్నాడు. అందుకే ఈ డిగ్రీ జంక్షన్ స్టేషన్ లాంటిది, అన్ని లైన్లూ అక్కడి నుంచే పోతాయి, కానీ మీ ఊరు వెళ్ళాలంటే దిగి ఇంకో బండి ఎక్కాలి. ఏ బండికి ఏ టికెట్ అడుగుతారో ముందే తెలుసుకోకపోతే మూడేళ్ళయ్యాక ప్లాట్‌ఫామ్ మీద నిలబడాల్సి వస్తుంది.

ముందు టీచర్ సంగతి. ఇంగ్లండ్ ప్రభుత్వ స్కూల్లో పూర్తి స్థాయి టీచర్‌గా చెప్పాలంటే మామూలుగా క్యూటీఎస్ కావాలి, అంటే క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్. ఈ డిగ్రీ తర్వాత పీజీసీఈ లాంటి ఏడాది ట్రైనింగ్ చేస్తే అది వస్తుంది. ప్రైమరీకి ఈ డిగ్రీ బాగానే పనికొస్తుంది, సెకండరీలో మ్యాథ్సో ఫిజిక్సో చెప్తానంటే మాత్రం ఆ సబ్జెక్ట్ నీకేం వచ్చు అని అడుగుతారు, పిల్లల డిగ్రీ చూపిస్తే సరిపోదు. ఇంకోటి, జీసీఎస్ఈలో, అంటే మన టెన్త్ లాంటి పరీక్షలో, ఇంగ్లిష్, మ్యాథ్స్ గ్రేడ్ 4 ఉండాలి, ప్రైమరీకైతే సైన్స్ కూడా. ఇండియాలో టెన్త్ చదివినవాళ్ళ మార్కులు దానికి సమానమా కాదా అనేది ట్రైనింగ్ ఇచ్చే సంస్థ చూసి చెప్తుంది, ఇది డిగ్రీ అయ్యాక కాదు, చేరకముందే అడగాల్సిన ప్రశ్న.

చిన్నపిల్లల టీచర్ అయితే ఇంకో తికమక. 2013 సెప్టెంబర్ నుంచి ఎర్లీ ఇయర్స్ టీచర్ స్టేటస్ అని ఒకటి ఉంది, పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళ వరకు పిల్లల కోసం. దాని ట్రైనింగ్‌లో చేరడానికి క్యూటీఎస్‌కి అడిగే అర్హతలే అడుగుతారు, పేరులో టీచర్ అనే ఉంటుంది, కానీ అది క్యూటీఎస్ కాదు. అదే వయసు పిల్లలకి ప్రభుత్వ స్కూల్ నర్సరీ క్లాసులో క్వాలిఫైడ్ టీచర్ పోస్ట్ ఇవ్వమంటే ఇవ్వరు. న్యాయంగా లేదని ఆ ఫీల్డ్‌లో వాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు, నాకైతే వాళ్ళ మాటే కరెక్ట్ అనిపిస్తుంది.

ప్రైవేట్ నర్సరీలో పనిచేద్దాం అనుకునేవాళ్ళు చూసుకోవాల్సిన ఇంకో చిన్న మాట ఉంది, "ఫుల్ అండ్ రెలవెంట్", అంటే నర్సరీ స్టాఫ్ లెక్కలో చెల్లే క్వాలిఫికేషన్ అని. ఇంగ్లండ్‌లో నర్సరీల్లో ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్ళు అని కచ్చితమైన లెక్క ఉంది, రెండేళ్ళ లోపు అయితే ముగ్గురు పిల్లలకి ఒకరు, రెండేళ్ళ పిల్లలకి 2023 సెప్టెంబర్ నుంచి ఐదుగురికి ఒకరు, అంతకు ముందు నలుగురికి ఒకరు ఉండేది. మూడేళ్ళు దాటితే మామూలుగా ఎనిమిది మందికి ఒకరు, తగిన డిగ్రీ స్థాయి క్వాలిఫికేషన్ ఉన్నవాళ్ళు దగ్గరుండి చూసుకుంటే 13 మంది వరకు ఒప్పుకుంటారు. అంటే మీ డిగ్రీ ఆ లెక్కలోకి వస్తే ఓనర్‌కి మీరు చాలా విలువైన మనిషి, రాకపోతే డిగ్రీ ఉండి కూడా క్వాలిఫికేషన్ లేనివాళ్ళతో సమానంగా లెక్కేస్తారు. ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ దీనికొక లిస్ట్ పెడుతుంది. థియరీ మాత్రమే ఉండి, ప్రాక్టీస్‌ని దగ్గరుండి చూసి మార్కులు వెయ్యని కోర్సుల దగ్గరే సాధారణంగా చిక్కొస్తుంది. ఒకే యూనివర్సిటీలో ఒకే డిగ్రీకి "విత్ ప్రాక్టీస్" అని ఒకటి, అది లేకుండా ఒకటి కనపడితే కారణం ఇదే, ప్లేస్‌మెంట్ (ఇక్కడ ఉద్యోగం కాదు, చదువులో భాగంగా నర్సరీకో స్కూల్‌కో వెళ్ళి పని నేర్చుకోవడం) లేనిది ఈజీగా ఉంది కదా అని అది ఎంచుకోకండి.

సోషల్ వర్కర్ దగ్గర ఇంత తికమక లేదు, సూటిగా ఉంటుంది. ఆ పేరుకి 2005 నుంచి చట్టపరంగా రక్షణ ఉంది, రిజిస్టర్‌లో పేరు లేకుండా నేను సోషల్ వర్కర్‌ని అని చెప్పుకుంటే నేరం. 2019 డిసెంబర్ నుంచి ఆ రిజిస్టర్ చూసేది సోషల్ వర్క్ ఇంగ్లండ్. ఈ డిగ్రీ తర్వాత సోషల్ వర్క్‌లో రెండేళ్ళ మాస్టర్స్ చేసి అటు వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు. మాస్టర్స్ లేకుండా ఫ్యామిలీ సపోర్ట్ వర్కర్‌గా చేరొచ్చు, అదే కుటుంబాల ఇళ్ళకి వెళ్తారు, అదే కన్నీళ్ళు చూస్తారు, జీతం మాత్రం తక్కువ.

యూత్ వర్కర్ కథ పూర్తిగా రివర్స్. ఇంగ్లండ్‌లో ఆ పేరుకి చట్టం రక్షణ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ మంచి ఉద్యోగాల ప్రకటనల్లో "జేఎన్‌సీ క్వాలిఫైడ్" అని అడుగుతారు. జేఎన్‌సీ అంటే యూత్ వర్కర్ల జీతాలు, అర్హతలు తేల్చే జాయింట్ కమిటీ, దాని గుర్తింపు ఉన్న కోర్సుల్ని ఇంగ్లండ్‌లో నేషనల్ యూత్ ఏజెన్సీ చూసి ఓకే చేస్తుంది. 2010 నుంచి ప్రొఫెషనల్ యూత్ వర్కర్‌కి కనీసం ఆనర్స్ డిగ్రీ ఉండాలి. ఇప్పుడు మనం మాట్లాడుకునే డిగ్రీల్లో కొన్నిటికి ఆ గుర్తింపు ఉంది, చాలావాటికి లేదు, పేరులో యంగ్ పీపుల్ అని ఉన్నంత మాత్రాన ఉందనుకోవద్దు. సైకాలజీ మాడ్యూల్స్ ఉన్నాయి కదా, తర్వాత ఎడ్యుకేషనల్ సైకాలజిస్ట్ అవుదాం అనుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్త, దానికి బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ గుర్తించిన సైకాలజీ డిగ్రీ, ఆ పైన మూడేళ్ళ డాక్టరేట్ కావాలి, రెండు మాడ్యూల్స్ చదివితే ఆ తలుపు తెరుచుకోదు.

సరే, లైసెన్స్ రాదు, మరి లోపల ఏం నేర్పిస్తారు? మొదటి ఏడాది థియరీ పేర్లతో తల వాచిపోతుంది. బౌల్బీ, ఎయిన్స్‌వర్త్, పియాజే, వైగోట్‌స్కీ, వీళ్ళంతా పిల్లలు ఎలా ఎదుగుతారో థియరీలు రాసినవాళ్ళు. బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ గీసిన వలయాలు, మధ్యలో పిల్ల, చుట్టూ ఇల్లు, స్కూలు, ఆ పైన ఊరు, చట్టం, ఆ వలయాల బొమ్మ లేని ఎస్సే ఉండదంటే నమ్మండి. మంచి కోర్సు అయితే అక్కడ ఆగదు, ఈ థియరీలు ఎవరిని చూసి రాశారు అని అడిగిస్తుంది. ఎయిన్స్‌వర్త్ పరీక్షలో ఏడాది వయసు పాపని అమ్మ కాసేపు గదిలో వదిలి వెళ్తుంది, తిరిగొచ్చినప్పుడు పాప ఏం చేస్తుందో చూసి బంధం ఎలా ఉందో చెప్తారు. ఇదే జపాన్‌లో చేస్తే చాలామంది పిల్లలు ఏడ్చి గోల చేసి, అమ్మ వచ్చినా ఊరుకోలేదు. బంధంలో లోపం ఉందనుకోవాలా, లేక అమ్మని వదిలి ఉండటం అలవాటే లేని పిల్లలకి ఆ పరీక్షే సరిపడదనుకోవాలా? ఈ ప్రశ్న తలకెక్కినవాళ్ళు తర్వాత వేరే దేశం నుంచి వచ్చిన కుటుంబాన్ని చూసి తొందరపడి ముద్ర వెయ్యరు.

నా లెక్కలో ఈ డిగ్రీలో అసలు పనితనం వచ్చేది అబ్జర్వేషన్ దగ్గర. నర్సరీలో ఒక మూల కూర్చుని పది నిమిషాలు ఒక్క పిల్లాడినే చూసి రాయమంటారు. కొత్తవాళ్ళు ఏం రాస్తారంటే "బాబుకి కోపం వచ్చింది, షేర్ చేసుకోవడం ఇష్టం లేదు" అని. ట్యూటర్ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేస్తారు. కోపం నీకు కనపడిందా, నువ్వు అనుకున్నావా? కనపడింది మాత్రమే రాయి అంటారు. అప్పుడు మళ్ళీ రాస్తే ఇలా వస్తుంది: "10:12, బాబు ఇసుక ట్రే దగ్గర ఎర్ర బకెట్ పట్టుకుని ఉన్నాడు. ఇంకో పిల్లాడు వెనక నుంచి 'నాది' అన్నాడు. బాబు తిరగలేదు. పిల్లాడు బకెట్ లాగాడు. బాబు రెండు చేతులతో ట్రే అంచు తోశాడు, ఇసుక కింద పడింది, తర్వాత టీచర్ వైపు చూశాడు." ఇప్పుడు చూడండి, "బాబు తిరగలేదు" అన్న ముక్క మొదటి దాంట్లో లేదు. వెనక నుంచి పిలిస్తే తిరగని పిల్లాడికి కోపం సంగతి తర్వాత, ముందు వినికిడి టెస్ట్ చేయించాలేమో. మొదటి రిపోర్ట్ ఫైల్లోకి వెళ్తే ఆ బాబు "అగ్రెసివ్" అయిపోతాడు, రెండోది వెళ్తే వినికిడి టెస్ట్‌కి వెళ్తాడు. గజ్జి అని రాసిన కాగితం ఎంత పని చేసిందో పైన చూశాం కదా.

దీని పక్కనే ఉండేది సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లల్ని హాని నుంచి కాపాడే పని. 1989 చిల్డ్రన్ యాక్ట్ దీనికి వెన్నెముక, అందులో సెక్షన్ 17 అంటే సాయం అవసరమైన పిల్లలు, సెక్షన్ 47 అంటే తీవ్రమైన హాని జరుగుతోందని అనుమానం ఉండి కౌన్సిల్ ఎంక్వైరీ చెయ్యాల్సిన పరిస్థితి. స్టాఫ్ రూముల్లో నంబర్లతోనే మాట్లాడుకుంటారు, "అది ఇంకా పదిహేడే, నలభై ఏడు కాదు" అని. పద్నాలుగేళ్ళ అమ్మాయి యూత్ క్లబ్‌లో దగ్గరికొచ్చి "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే ఒకటి చెప్తాను" అందనుకోండి, ఏం చేస్తారు? మనకి నోటి వెంట వచ్చేది "చెప్పమ్మా, నేనెవరికి చెప్తాను" అని. అది అనకూడదు. ఆ అమ్మాయికి గానీ ఇంకొకరికి గానీ హాని జరుగుతుందనిపిస్తే నేను ఒకరికి చెప్పాల్సి వస్తుంది అని ముందే చెప్పాలి, ఆ మాటతో ఆ అమ్మాయి వెనక్కి తగ్గినా సరే. చెప్పడం మొదలెడితే "మీ మావయ్యేనా చేసింది?" లాంటి ప్రశ్నలు నోట్లోంచి రాకూడదు, రేపు కోర్టులో ఆ జవాబు మీరు పెట్టించిందని కొట్టేస్తారు. అయిపోయాక ఆ అమ్మాయి వాడిన మాటలే వాడి, టైమ్ వేసి, సంతకం పెట్టి, స్కూల్ అయినా క్లబ్ అయినా అక్కడ సేఫ్‌గార్డింగ్ చూసే లీడ్‌కి అదే రోజు ఇవ్వాలి. సొంతంగా ఎంక్వైరీ చెయ్యడం, వాళ్ళింటికి ఫోన్ చేసి అడగడం అసలు వద్దు. చదివితే తేలిగ్గానే ఉంటుంది, ఎదురుగా పిల్ల ఏడుస్తుంటే తేలిక కాదు, అందుకే క్లాసులో రోల్ ప్లే చేయించి చేయించి విసుగు పుట్టిస్తారు.

వయసుల లెక్క కూడా ఒక పట్టాన అర్థం కాదు. చట్టం ప్రకారం 18 లోపు అందరూ పిల్లలే, కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో పదేళ్ళకే నేరానికి బాధ్యత వస్తుంది, స్కాట్లండ్‌లో 12. స్పెషల్ నీడ్స్ ఉన్నవాళ్ళకి ఇచ్చే సాయం ప్లాన్ 2014 చట్టం ప్రకారం 25 ఏళ్ళ వరకు నడవొచ్చు. వైద్యం విషయంలో 16 లోపు పిల్లలైనా సంగతి పూర్తిగా అర్థం చేసుకోగలిగితే సొంతంగా ఒప్పుకోవచ్చు, అమ్మానాన్నలకి తెలియాల్సిన పని లేదు అని 1985లో గిల్లిక్ కేసులో తీర్పు వచ్చింది. మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ చివరిది మింగుడుపడటం కష్టం, సెమినార్‌లో గొడవ జరిగేది కూడా ఇక్కడే. పిల్లల మాట వినడం అన్నదానికీ రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో ఎనిమిది మెట్ల నిచ్చెన గీశాడు, కింది మూడు మెట్లు అసలు వినడమే కాదన్నాడు. గోడల పెయింట్ ఆర్డర్ పెట్టేశాక స్కూల్ కౌన్సిల్ పిల్లల్ని పిలిచి ఏ కలర్ కావాలి అని అడగడం అక్కడే పడుతుంది.

చేరేముందు కాగితాల సంగతి. ఫౌండేషన్ డిగ్రీ అంటే లెవెల్ 5, 240 క్రెడిట్లు, దాని మీద 120 క్రెడిట్ల టాప్-అప్ చేస్తేనే ఆనర్స్ డిగ్రీ. పీజీసీఈకి అయినా సోషల్ వర్క్ మాస్టర్స్‌కి అయినా మామూలుగా ఆనర్స్ అడుగుతారు, రెండేళ్ళకే ఆపేస్తే పై బండ్లు ఏవీ ఎక్కనివ్వరు. ప్లేస్‌మెంట్‌కి వెళ్ళాలంటే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ చెక్, అంటే పాత నేరాల రికార్డు లోతుగా చూసే చెక్ ఉండాలి. ఇది 2002లో సోహమ్ అనే ఊళ్ళో ఇద్దరు పదేళ్ళ అమ్మాయిల్ని ఒక స్కూల్ కేర్‌టేకర్ చంపేశాక గట్టిపడింది, అతని మీద అంతకుముందు వచ్చిన ఆరోపణలు వేరే ఊరి పోలీసుల దగ్గర ఉండి కూడా స్కూల్ దాకా రాలేదు. మళ్ళీ అదే జబ్బు చూశారా, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరకపోవడం. డీబీఎస్ యూకే రికార్డులు చూస్తుంది కాబట్టి వేరే దేశంలో ఉండి వచ్చినవాళ్ళని అక్కడి పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు. ఇండియాలో ఉన్నప్పుడే తీసి పెట్టుకుంటే పని తేలిక, వచ్చాక మొదలెడితే ప్లేస్‌మెంట్ లేటవుతుంది.

ఇక వీసా. చదువు అయ్యాక ఇక్కడే ఉద్యోగం, స్పాన్సర్‌షిప్ అనే ప్లాన్‌తో ఈ డిగ్రీలోకి వచ్చేవాళ్ళు 2025 జులై 22 నాటి మార్పు చూసుకోవాలి, ఆ రోజు నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి కొత్తగా అప్లై చేసేవాళ్ళ ఉద్యోగం మామూలుగా డిగ్రీ స్థాయిది అయ్యుండాలి. ఇక్కడ చూసేది మీ డిగ్రీని కాదు, ఆ ఉద్యోగం ఏ లెవెల్‌లో ఉందో దాన్ని. టీచింగ్ అసిస్టెంట్ ఆ గీత కిందే ఉంది, టీచర్, సోషల్ వర్కర్ గీత పైన ఉన్నాయి. కాబట్టి ఓపెన్ డేలో బిల్డింగులు, లైబ్రరీ చూసి వచ్చేయకుండా కోర్సు లీడర్‌ని పట్టుకుని రెండు అడగండి, ప్రాక్టీస్‌కి మార్కులు ఉన్నాయా, ఎర్లీ ఇయర్స్ లిస్ట్‌లోనో జేఎన్‌సీ దగ్గరో ఈ డిగ్రీ ఇవాళ్టికి ఉందా అని. "త్వరలో వస్తుంది" అంటే లేదని అర్థం.